గోంగూర పానకం

మా బంధువుల్లో ఎవరడిగినా గ్రెనడాలో ‘రిమోట్ జాబ్’ చేస్తున్నానని చెప్పేవాణ్ని. హైదరాబాద్ కంపెనీకే పని చేస్తున్నా, ల్యాప్‌టాప్ ఉంటే ఎక్కడున్నా ఒకటే కదా అనేవాణ్ని. ల్యాప్‌టాప్ ఉన్న మాట నిజం. దాంట్లో పాత సినిమాలు చూసేవాణ్ని. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసే విమానం ఎక్కాను.

వెళ్లింది మా ఆవిడ చదువు కోసం. పశువైద్యురాలై అమెరికాలో ప్రాక్టీసు పెట్టాలని ఆమె పట్టుదల. సెయింట్ జార్జెస్ యూనివర్సిటీలో మూడేళ్లు గ్రెనడాలో చదివి, చివరి ఏడాది ప్రాక్టికల్ శిక్షణకి అమెరికాకో మరో దేశానికో వెళ్తారు. మగవాడు పెళ్లాం చదువు వెంట పెట్టె మోసుకుంటూ పోవడం మా కోనసీమలో ఇంకా అలవాటు పడని సంగతి. ఇల్లరికం వెళ్లినా ఒక మర్యాద ఉంటుంది, పండక్కి కొత్త బట్టలు పెడతారు. నా హోదా ఏమిటో మా బాబాయికి ఎలా చెప్పాలో తెలియక అబద్ధం చెప్పాను. ఒకసారి చెప్పాక దాన్ని పోషించాలి కదా. లేని మేనేజర్ని తిట్టుకోవడం, రాని ఇంక్రిమెంటు గురించి బాధపడటం కూడా నేర్చుకున్నాను.

గ్రెనడా పేరు మనవాళ్లు వినుంటే 1983లో వినుంటారు. ఆ అక్టోబరులో అమెరికా సైన్యం ఆ దీవి మీద దిగింది. అధ్యక్షుడు రేగన్ చెప్పిన కారణాల్లో ఒకటి ఇదే కాలేజీలో చదువుతున్న అమెరికన్ విద్యార్థుల భద్రత. విద్యార్థుల వెంట వచ్చిన భార్యలో భర్తలో కొందరైనా అక్కడ ఉండే ఉంటారు. వాళ్ల ఊసు నేను ఎక్కడా చదవలేదు. అది నాకు చాలా సబబుగా తోచేది. నన్ను నేనూ అలాగే లెక్కలోంచి తీసేసుకున్నాను మరి.

ఫొటోలు చూసి స్నేహితులు కుళ్లుకునేవారు. కొబ్బరిచెట్లూ సముద్రమూ మాకేం కొత్త? నాకు కనపడింది వేరే. పెళ్లి సూటుకు బూజు పట్టింది. ఎండాకాలంలో కుళాయి ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. అన్నిటికంటే నన్ను తిన్నది లెక్కలు. అక్కడి ఈస్టర్న్ కరీబియన్ డాలర్లు 2.70 ఇస్తే ఒక అమెరికన్ డాలరు. 1976 నుంచి ఆ రేటు కదల్లేదు. నేను ప్రతి ధరనీ ముందు అమెరికన్ డాలర్లలోకి, అక్కణ్నించి రూపాయల్లోకి దింపి, టొమాటోల ముందు నిలబడి నిట్టూర్చి, ఊరికే తిరిగొచ్చేవాణ్ని. ఇంటికొచ్చి, ఊరి నుంచి తెచ్చుకున్న కందిపప్పు ఇంకెన్ని నెలలొస్తుందో డబ్బా ఊపి చూసేవాణ్ని.

ఆ దేశాన్ని నేను రైల్వే వెయిటింగ్ రూములా చూశాను. ఆమె పరీక్షల తేదీలే నా క్యాలెండరు. మిడ్‌టర్మ్ అయ్యాక చూద్దాం, ఫైనల్స్ అయ్యాక చూద్దాం అని అన్నీ వాయిదా వేశాను, మనుషుల్ని కలవడం కూడా. ఆమె అనాటమీ ల్యాబు నుంచి ఫార్మలిన్ వాసనతో ఇంటికొచ్చేసరికి నేను రోజంతా దాచుకున్న మాటలన్నీ ఆమె మీద కుమ్మరించేవాణ్ని. ఆమెకి నిద్రొచ్చేది. నాకు కోపమొచ్చేది. ఒక రాత్రి అనకూడని మాట అనేశాను. “నీ చదువు కోసం నా జీవితం ఆపుకుని కూచున్నా.”

ఆమె పుస్తకంలోంచి తలెత్తింది. “నేను రమ్మన్నాను. ఆగమనలేదు,” అని మళ్లీ చదువుకుంది.

ఆ జవాబు మీద నేను చాలా రోజులు అలిగాను. అలక తీరేలోగా ఇంటి యజమానురాలు ఇంకోటి అంటించింది. అద్దె ఇవ్వడానికి వెళ్లి, “ఇదిగోండి అద్దె,” అని కవరు చాపాను. ఆ పెద్దావిడ కవరు ముట్టుకోలేదు. “గుడ్ ఆఫ్టర్నూన్,” అంది. నేను చూస్తూ నిలబడ్డాను. “గుడ్ ఆఫ్టర్నూన్,” అని మళ్లీ అంది, ఒకటో క్లాసు పంతులమ్మలా. నేను కూడా అన్నాక కవరు తీసుకుని, కూచోబెట్టి, నా గురించి వీధిలో ఏమనుకుంటున్నారో చెప్పింది. బాగా పొగరుబోతునట.

ఆ ఊళ్లో పలకరింపు లేకుండా పని మొదలుపెట్టకూడదు. కొట్లోకి అడుగుపెడితే, బస్సెక్కితే, గేటు దగ్గర ఎవరైనా ఎదురైతే ముందు ఆ పూట పలకరింపు, తర్వాతే మిగతా మాట. మన దగ్గర కొట్టువాడికి ఎవరూ గుడ్‌మార్నింగ్ చెప్పరు, నేరుగా “ఉల్లిపాయలెంత?” అంటాం, ఆ తర్వాత వాడే మనం ఎవరబ్బాయిలమో ఆరా తీస్తాడు. నేను అదే పద్ధతిలో టొమాటోలెంత అని అడిగేవాణ్ని. వాళ్లు మొహం తిప్పుకునేవారు. మనవాళ్లంటే వీళ్లకి చులకన అని మా ఆవిడకి తీర్మానం చేసి మరీ చెప్పాను. నా కళ్లముందే మినీబస్సులో ఎక్కిన ప్రతివాడూ గుడ్‌మార్నింగ్ అనడం, బస్సంతా తిరిగి అనడం రోజూ చూశాను. లక్ష పైచిలుకు జనాభా, అందరూ చుట్టాలే కాబోలు అనుకున్నాను తప్ప, నేను ఎక్కినప్పుడు బస్సు నిశ్శబ్దంగా ఎందుకుందో ఆలోచించలేదు.

మర్నాడు బస్సెక్కి, సిగ్గుపడుతూనే, గుడ్‌మార్నింగ్ అన్నాను. బదులొచ్చింది. కండక్టరు కుర్రాడు ఇండియానా అని అడిగి, “నీరజ్ చోప్రా!” అని నవ్వాడు. వాళ్ల ఆండర్సన్ పీటర్స్ 2022 ప్రపంచ పోటీల్లో 90.54 మీటర్లు విసిరి మన నీరజ్‌ని రెండో స్థానానికి నెట్టాడన్న సంగతి నాకు గుర్తులేదు, బస్సంతటికీ గుర్తుంది. లారా, రిచర్డ్స్ అని క్రికెట్ కబుర్లు సిద్ధం చేసుకుని కూచున్న నాకు జావెలిన్‌లో ఎదురుదెబ్బ తగిలింది. గ్రాండ్ ఆన్స్ నుంచి టౌను దాకా నన్ను ఏడిపించారు. ఆ దీవిలో నేను నవ్వడం అదే మొదలనుకుంటా.

ఆ తర్వాత శనివారం సంతకి వెళ్లడం మొదలుపెట్టాను. సంచీతో, లెక్కలు లేకుండా. చూస్తే నేను డబ్బా ఊపి కొలుచుకుంటున్న కందులు అక్కడ పచ్చికాయలుగా గుట్టలు పోసి ఉన్నాయి. కాలలూ అని వాళ్లు పులుసు కాచుకునేది చేమాకుతోనే. జాపత్రి బిర్యానీ పొట్లంలో తప్ప నేనెరగను. అక్కడ విచ్చుకున్న జాజికాయకి ఎర్రగా చుట్టుకుని కనపడింది. వాళ్ల జెండా మీద కూడా జాజికాయే. 2004లో ఐవన్ తుఫాను ఆ తోటల్ని చాలామటుకు కూల్చేసిందని, చెట్టు మళ్లీ కాపుకి రావడానికి ఏళ్లు పట్టిందని అమ్మేవాళ్లు చెప్పారు. అద్దెల నుంచి కోడిగుడ్ల దాకా ఏ ధర గురించి అడిగినా కథ ఐవన్ దగ్గర మొదలయ్యేది.

క్రిస్మస్ దగ్గర పడ్డాక ఒకావిడ బుట్టనిండా ఎర్రటి కండగల రేకులు అమ్ముతోంది. సోరెల్ అంది. అల్లం, లవంగం, దాల్చినచెక్క వేసి మరిగించి, పంచదార కలుపుకుని పండక్కి తాగుతారట. ఇష్టమైనవాళ్లు రమ్ము కూడా పోస్తారు. ఒక రేకు కొరికాను. పులుపు నేరుగా మా అమ్మ వంటింట్లోకి పోయింది. ఎర్ర గోంగూర! పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలేది అదే. ఆకులున్నాయా అని అడిగాను. “మేకకా?” అంది. నాకే, తింటాం అన్నాను. పక్క బల్లలవాళ్లని పిలిచి మరీ నన్ను చూపించింది. మరుసటి శనివారం కట్ట తెచ్చింది. దేనికీ పనికిరాదన్న ఆకుకి బాగానే పుచ్చుకుంది.

ఆ రోజు గోంగూర నూరి, ఫొటో తీసి అమ్మకి పంపాను. ఫోన్ చేసింది. మాటల్లో మాటగా నేను ఉద్యోగం మానేశానని, వంటావార్పూ సంతా నేనే చూసుకుంటున్నానని చెప్పేశాను. గొంతు వణికింది. అటువైపు అమ్మ ఆవాలు చిటపటలాడిస్తోంది.

“తెలుసులేరా,” అంది. “మాకు రాత్రి ఎనిమిదిన్నరంటే మీకు పగలు పదకొండని కోడలు చెప్పింది. ఏ ఉద్యోగస్థుడైనా ఆ వేళప్పుడు రెండేసి గంటలు అమ్మతో మాట్లాడతాడా? సరేగానీ, ఎండుమిర్చి నూనెలో వేయించే వేశావా, పచ్చివే నూరేశావా?”