ఇంటి తీర్మానం

ఒక దీపావళి రాత్రి జంషెడ్‌పూర్‌లోని ఒక తెలుగు కార్మికుడు పేకాటలో నెల జీతమంతా పోగొట్టుకొని, తెల్లవారుజామున ఇల్లు చేరాడు. భార్య పల్లెత్తు మాట అనలేదు. ఖాళీ బియ్యపు డబ్బా తెచ్చి అతని ముందుంచింది.

జూదశాల కావాలో వద్దో కొన్ని విదేశీ పట్టణాలలో పౌరులే వోటు వేసి తేల్చుకుంటారు. మన రాజ్యాంగం ఆ అధికారాన్ని రాష్ట్రాలకిచ్చింది. గోవా 1992లో చట్టాన్ని సవరించి కాసినోలకు దారి తెరిచింది, జార్ఖండ్ తెరవలేదు. ఇక ఈ ఉక్కునగరంలో వద్దని తీర్మానించడానికైనా ప్రజలెన్నుకున్న నగరపాలక సంస్థ లేదు.

కాని ఆ రాత్రి పందెం కూడా చట్టం ఒప్పినది కాదు. చట్టం గడప వరకే రాగలదు. మరుసటి నెల నుంచి ఆ కార్మికుడు జీతపు కవరు విప్పకుండానే భార్య చేతికిచ్చాడు. ఆ ఇంటి తీర్మానం మరి మారలేదు.