పుట్టింటి పేరు

ఇంటిపేరు అన్న మాటలోనే ఇల్లున్నది. ఏ యిల్లు? మగవాడికి ఈ ప్రశ్న లేదు. ఆడదానికి పుట్టినిల్లొకటి, మెట్టినిల్లొకటి. నడుమ ఆమె పేరు మారిపోతుంది. కొమర్రాజు లక్ష్మణరావు తోబుట్టువు మన సాహిత్య చరిత్రలో భండారు అచ్చమాంబ. 1902లో 'ధనత్రయోదశి' కథ రాసిన ఆమె కొమర్రాజువారి ఆడపడుచని పేరును చూసి ఎవరు చెప్పగలరు?

పొలం కొడుకులకు పంచి, కూతుర్ని పసుపు కుంకుమలతో సాగనంపిన వ్యవస్థకు ఇది సహజమే. ఆస్తి నడిచిన దారినే ఇంటిపేరూ నడిచింది. కాని 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనమూ, 2005లో కేంద్ర శాసనమూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి హక్కు కల్పించాయి. ఇక పెళ్లయితే పేరు మార్చుకోవాలని మన చట్టం ఎన్నడూ అనలేదు. అన్నది ఆచారం.

నేను మాదాపూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగిని. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటినుంచి ఈ దారిన వేలాది ఆడపిల్లలు సొంత సంపాదనకు వచ్చారు. నా పదోతరగతి సర్టిఫికెట్టు, డిగ్రీ, పాస్‌పోర్టు, ప్రావిడెంటు ఫండు అన్నీ పుట్టింటి పేరు మీదే ఉన్నాయి. పెళ్లయ్యాక ఆధార్‌లో మెట్టినింటి పేరు చేరింది. ఆఫీసు పనిమీద జర్మనీ వెళ్లవలసివచ్చి, ఈ ఇద్దరూ ఒక మనిషేనని నోటరీ ముందు ప్రమాణపత్రం రాసి ఇచ్చాను. షెంగెన్ వీసా ఫారంలో ఇంటిపేరు గడి తర్వాత, పుట్టుకతో వచ్చిన ఇంటిపేరుకు మరో గడి ఉన్నది.

జర్మనీలోనూ ఈ హక్కు దానంగా రాలేదు. భార్య తన పుట్టింటి పేరును భర్త పేరుకు తగిలించుకోవచ్చునన్నది 1957 నాటి శాసనం. 1976లో ఇద్దరిలో ఎవరి పేరైనా ఉమ్మడిగా ఎంచుకోవచ్చునన్నారు. కుదరకపోతే మాత్రం భర్తదే. ఆ చివరి మాటను అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టివేసింది 1991లో.

ఆధార్‌లో పాత పేరే మళ్లీ రాయించుకుంటానన్నప్పుడు అత్తగారు నొచ్చుకున్నారు.

"మా పేరు నీకు బరువైందా అమ్మా?"

"బరువు కాదత్తయ్యా. మీ పుట్టింటి పేరేమిటి?"

ఆమె చెప్పారు. పెళ్లయి ఆరేళ్లు ఆ ఇంట్లో ఉండి నేనా పేరు వినడం అదే మొదలు. ఆమె కొడుకు కూడా ఒక్క క్షణం తలెత్తి చూశాడు.

పుట్టింటి పేరు మాత్రం తండ్రిది కాదా అని మిత్రులడుగుతారు. నిజమే. అందులో వంశమూ ఉంది, కులమూ ఉంది. దాన్ని నేను పూజించడం లేదు. కాని చదివింది ఆ పేరుతో, సంపాదించింది ఆ పేరుతో. మగవాడి తండ్రిపేరు అతని సొంతమైనప్పుడు, నా తండ్రిపేరు నాకు పరాయిదెట్లా అవుతుంది? ఉంచుకోవడమో, మార్చుకోవడమో, రెండూ వదిలేయడమో స్త్రీ నిర్ణయించుకోవాలి. అడగకుండా మార్చే హక్కు ఏ ఇంటికీ లేదు.