దర్జీ కొట్టూ, దారాలూ

మా వీధి చివర దర్జీ కొట్టు చూశారా? నాలుగు మిషన్లు. దసరా ముందు మాస్టరుగారి బల్ల మీద కత్తిరించిన జాకెట్లు గుట్టగా పడుంటాయి. ఏ కుర్రాడికి చెయ్యి ఖాళీ అయితే వాడు లేచొచ్చి ఒకటి పట్టుకెళ్తాడు. ఇద్దరు ఒకేసారి లేస్తే ఒకడు ఆగాల్సిందే.

మొన్న నా చొక్కా కోసం అక్కడ పడిగాపులు కాస్తుంటే, కంప్యూటర్ని నడిపించే లినక్స్ గుర్తొచ్చింది. నవ్వకండి! కంప్యూటరు వాళ్లు కూడా పనిని థ్రెడ్డనే అంటారుగా, అంటే దారమేగా.

లినక్స్ 2.4 రోజుల్లో అచ్చం ఇదే పద్ధతి. ప్రాసెసర్లు ఎన్నున్నా గుట్ట ఒకటే, దానికి తాళమూ ఒకటే. రెండు ప్రాసెసర్లుంటే గడిచిపోతుంది, ముప్పై ఉంటే తాళం దగ్గర తొక్కిసలాటే. 2003 డిసెంబరులో 2.6 వచ్చింది. అందులో ఇంగో మోల్నార్ అనే లినక్స్ ప్రోగ్రామరు ఎవరి బల్ల వాళ్లకి వేసేశాడు.

అయితే ఒకడి బల్ల నిండిపోయి, పక్కవాడు టీ తాగుతూ కూర్చుంటే? ఖాళీగా ఉన్నవాడు పక్క బల్ల మీంచి పని లాక్కోవాలి. ఇక్కడే ఉంది తిరకాసు. సగం కుట్టిన చిలకపచ్చ జాకెట్టు తెచ్చుకున్నాడనుకోండి, వీడి మిషనుకి మెరూన్ దారం ఎక్కించి ఉంది. దారం తియ్యాలి, బాబిన్ మార్చాలి, లైనింగు ఎంతవరకు వచ్చిందో అడగాలి. థ్రెడ్డుదీ ఇదే గోల. కోరు (ప్రాసెసర్లో పనిచేసే చెయ్యన్నమాట) పక్కనే క్యాష్ అని చిన్న మెమరీ ఉంటుంది (డబ్బు కాదు లెండి). థ్రెడ్డుకి కావలసిన సరుకంతా అందులో వేడివేడిగా ఉంటుంది. కోరు మారితే అదంతా మళ్లీ మోసుకురావాలి. అంచేత ఒక్కోసారి కాసేపు ఆగడమే లాభం.

ఏ పని ఎప్పుడు ఏ కోరుకివ్వాలో తేల్చడాన్ని షెడ్యూలింగంటారు. అందులో ఏముంది, తేలికేనని 2001లో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ అన్నాడు. 2016లో కొందరు పరిశోధకులు ఆ మాటనే తమ పత్రం నెత్తిన పెట్టుకుని, ఏళ్ల తరబడి లినక్సులో కోర్లు ఎలా ఊరికే కూర్చున్నాయో బయటపెట్టారు. నాకు బాగా నచ్చిన ముచ్చట ఇది. 64 కోర్ల యంత్రం, ఎనిమిదేసి చొప్పున జట్లు. ఒకరు 64 థ్రెడ్లతో కెర్నల్ (అంటే లినక్స్ గుండెకాయ) కంపైల్ చేస్తున్నారు. పక్కన ఒక్కో థ్రెడ్డుతో నడిచే లెక్కల ప్రోగ్రాములు రెండు. మూడూ వేర్వేరు టెర్మినళ్లలోవి, టెర్మినలుకి సమాన వాటా అన్నది లినక్స్ న్యాయం. దాంతో ఆ లెక్కల ప్రోగ్రాముల్లో ఒక్కో ఒంటరి థ్రెడ్డూ, అవతలి అరవై నాలుగూ కలిపినంత బరువు తూగింది. అది ఉన్న జట్టు సగటు చూస్తే పని దండిగా ఉన్నట్టే! ఆ జట్టులో మిగతా కోర్లు ఖాళీగా ఉండి కూడా, మన జట్టుకి పని సరిపడా ఉందిలే అని పక్క జట్టులో బారులు తీరినవాటి జోలికి పోలేదు. సగటు బదులు జట్టులో అందరికన్నా తక్కువ బరువున్న కోరుని పోల్చి చూడమన్నారు. కంపైల్ సమయం 13 శాతం తగ్గింది.

2023లో లినక్స్ 6.6 కెర్నలుకి కొత్త షెడ్యూలింగ్ పద్ధతి వచ్చింది. దాని మూలం 1995 నాటి పత్రం. ఆ కథ ఇంకోసారి చెప్తాను.

నా చొక్కా సంగతా? నాలుగు మిషన్లూ ఖాళీగానే ఉన్నాయండీ. కాజాలు కుట్టేవాడు ఒక్కడేనట, వాడు ఊరెళ్లాడట.