కాలియా వేషం ఎవరికి?



యాన్యువల్ డేకి నాలుగో తరగతి పిల్లలు ఛోటా భీమ్ స్కిట్ వేస్తారని డైరీలో రాసి పంపిన రోజు నుంచి నా ఫోన్‌కి తీరిక లేదు. "మేడం, మావాడికి భీమ్ ఇప్పించండి, డ్రెస్ కూడా ఆర్డర్ పెట్టేశాం" అని పదకొండు మంది అడిగారు. చుట్కీ కోసం ఆరుగురు. కాలియా కావాలని మాత్రం ఒక్కరూ అడగలేదు. నేను రాస్తున్నది ఆ ఒక్క వేషం గురించే.

కార్టూన్‌ని మనుషులతో ఆడించడం మనం అనుకున్నంత తేలిక కాదు. ఛోటా భీమ్ మన హైదరాబాద్‌లో పుట్టినవాడే. గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ పెట్టిన రాజీవ్ చిలక సృష్టి. 2008లో పోగో ఛానల్లో మొదలైంది. 2012లో 'ఛోటా భీమ్ అండ్ ద కర్స్ ఆఫ్ దమ్యాన్' అని బొమ్మల సినిమా వచ్చింది. అదే కథను అదే పేరుతో, ఈసారి నిజమైన నటులతో, చిలక గారే మళ్ళీ తీశారు. 2024 మే 31న విడుదలైంది. 'పంగా'లో కంగనా రనౌత్ కొడుకుగా చేసిన యజ్ఞ భాసిన్ భీమ్, అనుపమ్ ఖేర్ గురు శంభు. బొమ్మల భీమ్‌కి వచ్చినంత పేరు దీనికి రాలేదు. ఎందుకని క్లాసులో అడిగితే ఒక పాప ఠక్కున చెప్పింది: "వాడు భీమ్ కాదు మిస్, భీమ్ డ్రెస్ వేసుకున్న అన్న."

నాకు ఆ మాట బాగా నచ్చింది. బొమ్మకి సొంత ఒళ్ళు ఉండదు. భీమ్ ఒక్కటిస్తే కాలియా ఎగిరి కొండ అవతల పడతాడు, తల చుట్టూ చుక్కలు తిరుగుతాయి, మరు నిమిషానికి లేచి లడ్డూ తింటుంటాడు. అదే మనిషి పడితే మోకాలు చెక్కుకుపోతుంది. 1980లో హాలీవుడ్ వాళ్ళు పొపాయ్ తీసినప్పుడు రాబిన్ విలియమ్స్ చేతులకు ఉబ్బెత్తు కండలు తయారుచేసి తొడిగారు. ఊరు ఊరంతా మాల్టా దీవిలో కట్టారు, అది ఇప్పటికీ టూరిస్టులు చూసే చోటే. తమాషా ఏమిటంటే ఆ సినిమాలో పొపాయ్‌కి పాలకూర అంటే పడదు! చివర్లో గానీ తినడు. బొమ్మలో సరిపోయింది మనిషి మీదికి వచ్చేసరికి మళ్ళీ ఆలోచించాల్సి వస్తుంది.

కాలియా కూడా అంతే. కార్టూన్‌లో అతనిది పెద్ద ఒళ్ళు, గొప్పలు ఎక్కువ, పక్కన ధోలు భోలు. అతను పడ్డా నవ్వే, తిన్నా నవ్వే. తెర మీద ఆ నవ్వు ఎవరికీ తగలదు. కానీ మా క్లాసులో "కాలియా ఎవరు వేస్తారు?" అనగానే ముప్పై ఎనిమిది తలలు ఒకేసారి మూడో బెంచీ వైపు తిరిగాయి. అక్కడ కూర్చున్న బాబు లేచి, "నేను వేస్తాను మిస్" అన్నాడు. వాడిని నేను అడగలేదు. వాడికి వేరే దారి ఉందని వాడికి తెలియదు, అంతే.

వాళ్ళమ్మ అనుమతితోనే ఇది రాస్తున్నాను. కొన్ని నెలలుగా వాడి లంచ్ బాక్స్ సగం నిండుగానే ఇంటికి వెళ్తోంది. ఎందుకు తినడం లేదంటే "ఆకలి లేదు" అంటాడట. క్లాసులో వాడు బాక్స్ మూత తీయగానే ఎవరో ఒకరు "కాలియా, లడ్డూ!" అంటారు. అన్న పిల్లలు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళ ఇళ్ళల్లో "ఏరా బొండాం" అని ముద్దుగానే పిలుచుకుంటారు. మన తెలుగు సినిమాలు కూడా లావు మనిషి కనబడితే చాలు, జోకు రాయక్కర్లేదనుకుంటాయి.

ఎప్పుడూ ఇలాగే ఉండేదని చెప్పలేం. 1957 నాటి 'మాయాబజార్' ఇంట్లో ఒకసారి పిల్లలతో చూడండి. ఎస్వీ రంగారావు గారి నోట్లోకి లడ్డూలు వాటంతట అవే ఎగిరి వెళ్తాయి, అచ్చం కార్టూన్‌లాగే. కంప్యూటర్ లేని రోజుల్లో మార్కస్ బార్ట్‌లే కెమెరాతో చేసిన మాయ అది. మనం నవ్వుతాం, కానీ ఆయన ఒంటిని చూసి కాదు, దర్జాని చూసి. ఆ ఘటోత్కచుడి నాన్నే అసలు భీముడు. భారతం ఆయన్ని వృకోదరుడు అంది. తోడేలు కడుపువాడని! సన్నటి నడుము భీమ్‌ని చేసింది టీవీనే.

సరే, వేషాల సంగతి. మా స్టాఫ్‌రూమ్‌లో ఒకరు, ఎవరైనా సన్నటి బాబుకి దిండు కట్టి కాలియా వేయిద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. దిండు కడితే జోకు మళ్ళీ పొట్ట మీదే కదా. మన తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం వేసేవాళ్ళ ఒళ్ళు కొలిచి ఎవరూ చూడరు. మగవాళ్ళు చీర కట్టుకుని వస్తే దండం పెడతాం. పిల్లలకు అదే చెప్పి చీటీలు వేశాను. భీమ్ ఒక పాపకి వచ్చింది. (ఆర్డర్ పెట్టిన పదకొండు మందికీ క్షమాపణలు, డ్రెస్ పుట్టినరోజుకి పనికొస్తుంది.) కాలియా మాత్రం మా క్లాసులో అందరికన్నా పొట్టిగా, పీలగా ఉండే అమ్మాయి కావాలని అడిగి తీసుకుంది. గొప్పలు చెప్పడంలో దానికి సాటి లేదు.

మూడో బెంచీ బాబు చీటీ తీయలేదు. జగ్గూ కావాలన్నాడు. కోతి వేషం! వెంటనే నవ్వు లేచింది. వాడు ఏమీ అనకుండా బెంచీ ఎక్కి పక్క బెంచీ మీదికి, అక్కడి నుంచి కిందికి, చప్పుడు లేకుండా దూకాడు. నేను అదిలించాల్సింది, కానీ నోరు రాలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

లడ్డూల గురించి కూడా పెద్ద చర్చే జరిగింది. తిరుపతిలో భీమ్ తినేది కొండ మీది లడ్డూ కాక ఇంకేమిటని సగం క్లాసు. ప్రసాదాన్ని స్టేజి మీద విసురుతామా అని మిగతా సగం. చివరికి పసుపు రంగు వేసిన థర్మోకోల్ ఉండలతో రాజీ కుదిరింది.

లంచ్ బాక్స్ కొన్ని రోజులు ఖాళీగా వెళ్తోంది, కొన్ని రోజులు వెళ్ళడం లేదు. జగ్గూ తోక మాత్రం తయారైంది. వాళ్ళ అవ్వ పాత చీర చింపి, దూది కూరి కుట్టి పంపింది. కాస్త బరువుగా ఉంది, దూకేటప్పుడు కాళ్ళకు అడ్డం పడుతోంది. శనివారం రిహార్సల్‌కి ఒక జానెడు తగ్గించి పంపమని ఆమెకు ఫోన్ చేశాను.