కారుకు జ్వరం చూసే ముల్లు

పిల్లలూ, మీకు జ్వరం వస్తే అమ్మ థర్మామీటరు పెట్టి చూస్తుంది గదా. మరి కారుకు జ్వరం వస్తే?

మా నాన్నగారి పాత అంబాసిడరులో అలాంటి సాధనమేదీ లేదు. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డును నమూనాగా తీసుకుని మన దేశంలో చేసిన బండి యిది. 2014లో ఉత్తరపారా కర్మాగారంలో దీని తయారీ ఆగిపోయింది. ఇంజను వేడెక్కితే నాన్నగారు చప్పుడును బట్టే పసిగట్టేవారు. "నీళ్లు అడుగుతోందిరా!" అంటూ బండి ఆపేవారు. డెబ్బై యేళ్లు దాటాక ఆయన చెవులు మందగించాయి. ఒకనాడు రేడియేటరు సలసల మరిగి ఆవిరి చిమ్మేదాకా ఆయనకు తెలియనేలేదు. ఆ సాయంత్రం ఆయన యెవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు నేను వేడి చూపే మీటరు ఒకటి కొనుక్కొచ్చాను.

"డాష్‌బోర్డుకు చిల్లు పెట్టావంటే వూరుకోను!" అన్నారాయన. సరేనని రేకు ముక్క ఒకటి వంచి, పాత మరలకే తగిలించి, మీటరును డాష్‌బోర్డు కింద అమర్చాను.

ఇది పనిచేసే తీరు భలే తమాషాగా వుంటుంది. మీటరు వెనక నుంచి సన్నని గొట్టం ఒకటి పోతుంది. దాని కొసన చిన్న ఇత్తడి బుడ్డి, అందులో ఈథరు అనే ద్రవం. ఈథరు 35 డిగ్రీల దగ్గరే మరుగుతుంది! బుడ్డిని ఇంజను నీళ్లలో మునిగేట్టు బిగిస్తే, వేడి పెరిగినకొద్దీ ఈథరు ఆవిరి గొట్టంలో వొత్తిడి పెంచుతుంది. మీటరు లోపల కొడవలిలా వంగిన మరొక గొట్టం వుంది. తిరునాళ్లలో చుట్ట చుట్టిన కాగితపు బాకా అమ్ముతారే, వూదితే విచ్చుకుంటుంది, అలాగే యీ కొడవలీ రవంత విచ్చుకుని ముల్లును తిప్పుతుంది. 1849లో యూజీన్ బూర్దాన్ అనే ఫ్రెంచి ఆయన దీనికి పేటెంటు తీసుకున్నాడు.

ఆ సన్నని గొట్టం మడత పడకూడదు. నేను తొందరపడి వంచాను, పుటుక్కుమంది! కారంతా ఘాటు వాసన. ఈథరు యిట్టే అంటుకుంటుంది గనుక తలుపులన్నీ బార్లా తెరిచాను. ముల్లు మాత్రం మరి కదలలేదు. ఇంకొకటి కొనక తప్పలేదు.

ఈసారి ముందుగా, పొయ్యి మీంచి దించిన మరిగే నీళ్లలో బుడ్డి ముంచి చూశాను. ముల్లు 100 దరిదాపుల్లో నిలిచింది. "కారుకు కూడా వంట చేస్తున్నావా?" అంది అమ్మ. గొట్టం దూరే చోట రబ్బరు వుంగరం తొడిగి, మిగిలిన గొట్టాన్ని వదులుగా చుట్టాను. అలా చేస్తే ఇంజను అదిరినా తెగదు. పక్కనే చమురు వొత్తిడి మీటరు కూడా పెట్టాను. అందులోనూ కొడవలి గొట్టమే!

తరువాత ఒకసారి అరకు వెళ్తూ అనంతగిరి ఘాటు యెక్కుతున్నాం. నడుపుతున్నది నాన్నగారే. ముల్లు 80 దాటింది, 90 దాటింది. నేను నోరు మెదపలేదు. ఆయన ఒకసారి కిందికి చూసి, బండిని వారకు తీసి ఆపారు.

"నీళ్లు అడుగుతోందిరా!"

చూస్తే ఫాను బెల్టు వదులైంది. వేడిగా వున్నప్పుడు రేడియేటరు మూత తీయకూడదు సుమా, మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి! గంటసేపు ఆగి, బెల్టు బిగించి, నీళ్లు పోశాం.

మళ్లీ కారెక్కాక నాన్నగారు మీటరు అద్దాన్ని వేలితో తట్టి, "ఆ రేకు ముక్క మరీ తళతళలాడుతోంది. నల్లరంగు వెయ్యి" అన్నారు.