బాంబులు పడ్డ మూడోనాడు

విశాఖ నుంచి శ్రీకాకుళం వెళ్లే హైవేపై మధురవాడ వచ్చిందంటే ఇప్పుడు కనిపించేవి అపార్టుమెంట్లే. 2005లో మహా విశాఖలో కలవకముందు ఇదో పల్లె. ఇక్కడి ఓ బామ్మగారికి ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1.

‘‘కాదురా, పట్నంలో బాంబులు పడ్డ మూడోనాడు పుట్టానట’’ అంటుందావిడ.

మనవడు ప్రెస్ అకాడమీ ఇంటర్నెట్‌లో పెట్టిన పాత పత్రికలు తిరగేశాడు. జపాన్ విమానాలు విశాఖ రేవుపై దాడి చేసింది 1942 ఏప్రిల్ 6, సోమవారం. మూడోనాడంటే బుధవారం. బామ్మ పుట్టిందీ బుధవారమేనని వాళ్లమ్మ చెప్పేదట!

అయితే అది సెన్సారు కాలం. భయంతో పట్నం విడిచి పల్లెలకు పరుగెత్తిన కుటుంబాల పేర్లు పత్రికల్లో ఎక్కడ దొరుకుతాయి? నిండు చూలాలిని బండెక్కించి మధురవాడ చేర్చిందెవరో, పురుడు పోసిందెవరో బామ్మనే అడగాలి. మనవడిప్పుడు ఆ పనిమీదే ఉన్నాడు.