మ్యూనిక్ నగరమున నాదప్రదర్శనము

2025వ సంవత్సరము మే నెలలో నేను జర్మనీ దేశమందలి మ్యూనిక్ నగరమున నుద్యోగము చేయుచున్న మా తమ్మునియింటికిఁ బోయితిని. అచ్చట 2004 మొదలు జరుగుచుండిన "హై ఎండ్" శ్రవణయంత్ర ప్రదర్శనమునకు వాఁడును, వాని మిత్రులును నన్నుఁ దోడ్కొని పోయిరి. ఆ నగరమున నదియే కడపటిది. పిమ్మట దానిని వియన్నాకు మార్చిరి.

హెడ్‌ఫోనులనిన నాకు గిట్టదు. అవి చెవులఁ దగిలించుకొన్నచో వాఁడు పిలిచినను బలుకఁడు. అమ్మ పోయినది మొదలు మాతో మాటలే తగ్గించినాఁడని నా మనసులోని కష్టము.

ప్రదర్శనశాలలోఁ బెద్ద స్పీకర్ల గదు లొకవంక, హెడ్‌ఫోనుల బల్ల లొకవంక. ఆ బల్లలయొద్ద నానాదేశస్థులు కనులు మూసికొని మౌనముగాఁ గూర్చుండిరి. కొన్నిటియందుఁ దలవెండ్రుకకంటెఁ బలుచనైన పొర రెండు లోహఫలకముల నడుమ విద్యుద్బలముచే కంపించి నాదము నిచ్చునని వాని మిత్రుఁడొకఁడు తెలిపెను.

తమ్ముఁడు వీణపాట నొకదానిని పెట్టించి, అట్టి హెడ్‌ఫోనును నా తలకుఁ దొడిగెను. స్వరముతోపాటు తంతిపై గోరు తగిలిన చప్పుడును, వ్రేలు జాఱిన సవ్వడియు వినఁబడెను. మా అమ్మయు వీణ వాయించెడిది. ఆమె ప్రక్కను గూర్చున్నట్లే తోఁచి, కన్నులు చెమ్మగిల్లెను.

"అక్కా, నేను వెదకుచున్నది దీనినే" అని వాఁడనెను.

ఇంటివారిని విడిచి చెవులు మూసికొనుచున్నాఁడనుకొంటిని. వాఁడు ఇంటినే వెదకికొనుచుండెను.

ఒక్కమాట మాత్రము చెప్పితిని: 80 డెసిబెల్ల ధ్వనిని వారమునకు 40 గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక. చెవులు చెడినచో నీ సవ్వడులును దక్కవు గదా! అచ్చట నున్నన్నాళ్లును, వాఁడు పలుకకున్నచో కోపింపక భుజము తట్టితిని. వాఁడు వెంటనే హెడ్‌ఫోను తీసి, "ఏమక్కా?" అనెడివాఁడు.